ఎవరి గొంతుతో వారే

శ్రీ సుముఖ ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం మెకానికల్ విద్యార్థులు జులై నుంచి క్లాసుకు రావడం మానేసి, తమ గొంతులను మాత్రం పంపించడం మొదలుపెట్టారు.

ఇందులో నిబంధనలకు విరుద్ధమైనది ఏదీ లేదు. అంతకుముందు క్లాసులో కూర్చున్న ఒక్కడే నలుగురి తరఫున హాజరు పలికేవాడు. ఈ ప్రాక్సీల బెడద భరించలేక ప్రిన్సిపాల్ వేదాంతం గారు ఒక సర్క్యులర్ ఇచ్చారు. ఇకపై ఎవరి హాజరు వారి సొంత గొంతుతోనే పలకాలి. గొంతుతో పాటు మనిషి కూడా రావాలని అందులో లేదు. అలా రాయవలసిన అవసరం వస్తుందని ఆయన అనుకోలేదు.

మర్నాడు బెంచీలు ఖాళీగా ఉన్నాయి. పేరు పిలవగానే ఆ పేరు గలవాడు కూర్చునే చోటు నుంచి, అచ్చంగా వాడి గొంతే, "ప్రెజెంట్ సార్" అంది.

ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి విన్నారు. ఒక్క గొంతు కూడా ప్రాక్సీ కాదని తేల్చారు. అరవై శాతం దగ్గర ఈడ్చుకుంటున్న హాజరు నెల తిరిగేసరికి తొంభై ఎనిమిదికి చేరింది. తనిఖీకి వచ్చిన యూనివర్సిటీ బృందం ఖాళీ గదిలో పేర్లు పిలిపించి, జవాబులు విని, ఇంత క్రమశిక్షణ జిల్లాలో ఎక్కడా చూడలేదని రాసి వెళ్లింది.

ఆ గొంతుల్లో షేక్ నాగుల్ మీరాది కూడా ఒకటి. మే నెలలో వాళ్ల నాన్న కాలు విరిగింది. అప్పటి నుంచి పొద్దుటి పూట చిలకలూరిపేట సెంటర్లో షేర్ ఆటో మీరానే తోలుతున్నాడు. స్కూలు టీచర్లు, మిల్లు కూలీలు ఎక్కే ఆ ఒక్క ట్రిప్పుతోనే ఇల్లు గడవాలి. వాళ్లను యడ్లపాడులో దింపి కాలేజీకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. గేటు తొమ్మిదీ పదికే మూసేస్తారు. గొంతుకు ఆ ఇబ్బంది లేదు, గోడ మీద నుంచి వెళ్లిపోతుంది.

ఇబ్బందల్లా మీరాకే. షేర్ ఆటోకి జనం రావాలంటే ఊరి పేరు కేకెయ్యాలి. కేకేసే గొంతు ఆ వేళకు మూడో బెంచీలో ఉంటుంది. అందుకని అట్టముక్క మీద 'యడ్లపాడు' అని రాసి అద్దానికి తగిలించాడు. స్టాండులో అందరికన్నా పాతవాడు సుబ్బయ్య ఆ అట్టను చూసి నవ్వాడు.

"ఏరా మీరా, గొంతు కాలేజీకెళ్లిందా? మంచిదేలే, ఇంట్లో ఒకరన్నా చదువుకోవాల గదా." అని, అట్టను వేలితో తట్టి మళ్లీ అన్నాడు. "కానీ జనం ఎక్కేది నీ గొంతుకేరా అబ్బాయ్. అట్ట చదివి ఎవడెక్కుతాడు?"

మీరా తలూపాడు. సాయంత్రం నాలుగు దాకా అతను చేయగలిగింది అంతే.

సెప్టెంబరులో ఒక సాయంత్రం గొంతు ఇంటికొచ్చాక, వాళ్లమ్మ అన్నం పెట్టేదా అని అడిగింది. ఇప్పుడే వద్దని చెబుదామని మీరా నోరు తెరిచాడు.

"ప్రెజెంట్ మేడమ్," అంది గొంతు.

ఆమె నవ్వుకుంటూ కంచం పెట్టింది. మీరా నవ్వలేదు. మర్నాడు ఆదివారం. గొంతుకు సెలవు కాబట్టి సెంటర్లో నిలబడి యడ్లపాడు అని కేకెయ్యబోయాడు. నాలుగుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి ఊరి పేరు వచ్చింది. మిగతా మూడుసార్లు వచ్చింది విని బస్టాపులో జనం పక్క ఆటో ఎక్కారు.

కాలేజీలో ఈ సంగతి మొదట కనిపెట్టింది మెషీన్ డిజైన్ చెప్పే సువర్చల. ఆమె కాంట్రాక్టు లెక్చరర్. ఒక రోజు గేరు పళ్లు ఎందుకు అరుగుతాయని క్లాసును అడిగింది. యాభై గొంతులు ఒక్కసారిగా "ప్రెజెంట్ మేడమ్" అన్నాయి. ఆ శబ్దంలో సన్నని గరగర వినిపించింది. ఆమె చదువుకున్న చదువు ప్రకారం, ఎంత మంచి ఉక్కయినా ఎప్పుడూ ఒకే చోట రాపిడి పడితే అక్కడే అరుగుతుంది. అరిగిన భాగం తిరిగి రాదు.

మర్నాడు ఆమె పేర్లు పిలవలేదు. బల్ల మీద నోట్సు తెరవలేదు. మీరెందుకు రావడం లేదో చెప్పండి, నేను కోప్పడను అని ఖాళీ గదిని అడిగి, కుర్చీలో కూర్చుంది.

బెంచీలు కిర్రుమన్నాయి. తర్వాత వెనక నుంచి ఎవరిదో గొంతు, నోట్సు చెప్పడమే గదా మేడమ్, అదేదో జిరాక్సు షాపులోనే దొరుకుద్ది అంది. ఆమె తలవంచుకుంది. ఆ నోట్సు ఆమె ఎనిమిదేళ్లుగా చెబుతున్నదే. ఆ తర్వాత మూడో బెంచీలో గొంతు కదిలింది. ఇనుము మీద ఇనుము రాసుకున్నట్టు, ఒక్కో మాటే బయటికి వచ్చింది.

"మేడమ్... ట్రిప్పు దింపి వచ్చేతలికి గేటేసేస్తన్నారు. తెరిస్తే వస్తా మేడమ్. గేర్లంటే నాకిష్టం."

ఆ మధ్యాహ్నమే సువర్చల ప్రిన్సిపాల్ గదికి వెళ్లింది. గేటు పదింటి దాకా తెరిచి ఉంచితే చాలన్నది. తాను నోట్సు పక్కనపెట్టి, పాత గేరుబాక్సు ఒకటి తెచ్చి విప్పి చూపిస్తానన్నది. పిల్లలు వస్తారని, ఇంకా ఆలస్యమైతే వాళ్ల గొంతులు దక్కవని చెప్పింది. వేదాంతం గారు ఆమెకు టీ తెప్పించి, అంతా ఓపికగా విన్నారు.

"మీ మనసు మంచిదమ్మా. కానీ గేటు తెరిస్తే మనుషులొస్తారు," అన్నారు ఆయన. "మనుషులన్నాక ఒకరోజు జ్వరమొస్తది, ఒకరోజు బస్సు రాదు. హాజరు మళ్లీ అరవైకి పడుద్ది. గుర్తింపు పోతే మీరూ ఉండరు, నేనూ ఉండను."

లెక్క ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. పేర్లు పిలవని ఆ ఒక్క పీరియడ్‌కు సంజాయిషీ అడిగి, ఇచ్చాక మన్నించారు. గేటు తొమ్మిదీ పదికే మూసుకుంటూ వచ్చింది. మూడో బెంచీ గొంతు ఆ తర్వాత ఇంకో మాట మాట్లాడలేదు. మిగిలి ఉన్న మాటలన్నీ ఆ రోజే ఖర్చు పెట్టేసింది.

నాలుగో సంవత్సరంలో ఉద్యోగాలిచ్చేందుకు ఒక కంపెనీ వచ్చింది. ఆ రోజు మాత్రం మనుషులు కూడా కావాలన్నారు కాబట్టి గేటు రోజంతా తెరిచారు. మీరా ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటర్వ్యూ గదిలో ఒక మూల సువర్చల కూర్చుంది.

నీ గురించి చెప్పు అన్నాడు కంపెనీ అధికారి. "ప్రెజెంట్ సార్," అన్నాడు మీరా. పని వేళలు దాటాక కూడా ఉండమంటే ఏం చేస్తావు? "ప్రెజెంట్ సార్." మా మాటతో నీకు కుదరకపోతే? మీరా మెడ నరాలు ఉబ్బాయి. పెదవులు ఇంకేదో మాటకు సిద్ధపడ్డాయి. వచ్చింది అదే.

అధికారి పెన్ను పక్కన పెట్టాడు. ఇంత స్పష్టత ఉన్న కుర్రాళ్లు దొరకడం లేదని, ఈ క్లాసు మొత్తాన్ని తీసుకుంటామని చెప్పాడు. బయట మీరా వాళ్లమ్మ, ఉద్యోగం వచ్చిందా నాయనా అని అడిగి, జవాబు విని, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

సాయంత్రం వేదాంతం గారు స్టాఫ్ మీటింగ్ పెట్టి స్వీట్లు పంచారు. గేటు వేళలు వచ్చే ఏడాది అన్ని బ్రాంచీలకూ ఇలాగే ఉంటాయని ప్రకటించారు. ఆ తర్వాత, కాంట్రాక్టు లెక్చరర్ల కొనసాగింపు ఉత్తర్వుల కట్ట బల్ల మీద పెట్టుకుని, సువర్చల వైపు తిరిగి చిరునవ్వుతో అడిగారు.

"గేటు గురించి మీ అభిప్రాయం ఇంకా అదేనా అమ్మా?"

ఆమె లేచి నిలబడింది. ఆమె గొంతు ఎక్కడికీ పోలేదు, ఆమె దగ్గరే ఉంది. గరగర కూడా లేదు.

"ప్రెజెంట్ సార్," అంది.