తాళం ఉచితం, చెవి అద్దెకు

"ఈ రోజు నుంచి మన కంపెనీ తాళాలు అమ్మదు!"

యజమాని ఈ మాట అనగానే చప్పట్లు మోగాయి. కొట్టింది ఆయన అల్లుడొక్కడే. పెద్ద చదువు చదివొచ్చి, ఈమధ్యే నవకల్పన విభాగానికి అధిపతి అయ్యాడు. ఆ విభాగంలో ఉండేది అతనూ, ఒక తెల్లబోర్డూ.

ముప్పై ఏళ్లుగా అక్కడ తాళాలు చేస్తున్న మేస్త్రి ముందుకొచ్చాడు.

"మరింకేం అమ్ముతామండీ?"

"భరోసా!" అన్నాడు అల్లుడు. "తాళం ఉచితం. చెవి మాత్రం నెలనెలా అద్దెకి. అమ్మితే ఒక్కసారే లాభం. అద్దెకిస్తే జీవితాంతం లాభం!"

ఖర్చు కలిసొస్తుందని తాళాలన్నీ ఒకే అచ్చులో పోయించాడు.

"అయ్యో, ఒకరి చెవి ఇంకొకరి తాళానికి పడుతుందండీ!"

"దాన్నే ఇరుగుపొరుగు సహకారం అంటారు మేస్త్రీ!"

ఉచితమనేసరికి జనం ఎగబడ్డారు. తలుపు లేనివాళ్లు కూడా రెండేసి పట్టుకుపోయారు. పేపర్లో అల్లుడి ఫోటో పడింది. అద్దె వసూలుకి వెళితే మాత్రం చిల్లిగవ్వ రాలలేదు. ఒక ఇంటివాళ్లు చెవి అద్దెకి తీసుకుంటే వీధి వీధంతా దాంతోనే తెరుచుకుంటోంది!

మూడు నెలలకి లెక్కలు తీస్తే నిలువునా నష్టం. అల్లుడు బోర్డు మీద ఆ మాట చెరిపేసి 'ఇంకా చేతికి రాని లాభం' అని రాశాడు. జీతాలూ ఆ ఖాతాలోకే పోయాయి.

"చేతికి రాని లాభాన్ని ఏ గిన్నెలో వండమంటావు?" అంది మేస్త్రి భార్య.

"రేపు బ్యాంకు మేనేజరు వస్తున్నాడు. అప్పు పుడితే జీతాలిస్తారట. ఒక్కరోజు ఓపిక పట్టు."

మేనేజరు రానే వచ్చాడు. ఇంట్లో మరిచిపోయిన ఫైలు తెమ్మని యజమాని మేస్త్రిని తరిమాడు. ఆయనింటి గేటుకి ఇత్తడి తాళం వేలాడుతోంది. పదేళ్ల కిందట మేస్త్రి తన చేతులతో చేసిందే. మురిసిపోయాడు. అంతలోనే అనుమానం వచ్చింది.

"మన కొత్త తాళం వెయ్యలేదేం అమ్మగారూ?"

"వేస్తే దొంగలు పడతారట. ఇంటి ఛాయలకి కూడా తేవద్దన్నారు మీ అయ్యగారు," అంది ఆ ఇల్లాలు.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. తిరిగొచ్చేసరికి యజమాని గుండె మీద చెయ్యేసుకుని చెబుతున్నాడు. "మా ఇంటికీ అదే తాళం సార్! మేం వాడనిది జనానికివ్వం!"

"ఏం మేస్త్రీ, నిజమేనా?" సరదాగా అడిగాడు మేనేజరు.

అవునంటే అప్పు, అప్పొస్తే జీతం. మేస్త్రి నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ల పనితనం అడ్డం పడింది.

"అయ్యగారింటికి ఉన్నది నేను చేసిన పాత తాళమండీ. కొత్తదయితే దొంగలు పడతారని ఆయనే అన్నారట."

"అది... పరిశోధనలో భాగంగా..." నసిగాడు అల్లుడు.

మేనేజరు అదిరిపడి లేచాడు. "అప్పు సంగతి దేవుడెరుగు! మొన్న మీ అల్లుడు ఫోటో దిగి మరీ మా బ్యాంకు తలుపుకి తగిలించిన తాళం ముందు పీకించండి!"

"పీకుతాను గానీ, కూలి నా చేతికే ఇవ్వాలండి," అంటూ మేస్త్రి పనిముట్ల సంచీ భుజానికెత్తుకున్నాడు.

ఆ కొత్త పద్ధతి మీద మొట్టమొదట సంపాదించినవాడు అతనే.