పది పన్నెండు కాగితం చేసిన మేలు

ఫోటో కాగితాన్ని సైజు ప్రకారం కోసి అమ్మడం కంటే మనిషికి మేలు చేసిన పని మరొకటి లేదు! నవ్వకండి. స్వానుభవంతో చెబుతున్నాను.

కాగితానికి హద్దే లేకపోతే ఏమవుతుంది? పిలవని చుట్టం కూడా పెళ్లి ఫోటోలో శాశ్వతంగా ఉండిపోతాడు. క్యాబినెట్ సైజులో మా కుల్కచర్ల మేనమామ పట్టడు. పాస్‌పోర్టు సైజులో నా పొట్ట పట్టదు. ఎంత ఉపకారం!

కిందటి నెల మా తాండూరు బడిలో గ్రూపు ఫోటో తీశారు. పంతులుగా నాది పద్దెనిమిదేళ్ల సర్వీసు. మధ్య కుర్చీలో కూర్చున్న హెడ్మాస్టరుగారు వచ్చి మూడు నెలలు. నేను కుడి కొసన వినయంగా నిలబడ్డాను, ఎవరైనా మధ్యకు రమ్మని బతిమాలుతారని. ఎవరూ బతిమాలలేదు. ఎడమ కొసన అటెండరు బీరన్న పలక పట్టుకున్నాడు. దానిమీద బడి పేరు, 1959 అని రాసింది నేనే.

హెడ్మాస్టరుగారు ఫోటో కంటే ముందే ఫ్రేము కొనేశారు. పది అంగుళాల ఎత్తు, పన్నెండు వెడల్పు. కాగితం దొరికేదీ ఆ సైజులోనే. కానీ నెగటివ్ కొలత వేరట, ఎత్తు సరిపెడితే పక్కకు మనుషులు మిగిలిపోతున్నారట. ఒక కొస కోయక తప్పదని ఫోటోగ్రాఫర్ ఇమాముద్దీన్ చీటీ పంపాడు. బడిలో జవాబులు రాసే పని నాది. పోతే బీరన్న పోతాడనుకుని, ఏదో ఒక కొస కోయవచ్చునని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపాను.

ఇమాముద్దీన్ తెలివైనవాడు. బడి పేరున్న పలకను కోస్తాడా? నన్ను కోశాడు! గోడమీద ముప్పై మంది ఉన్నారు, పక్కన నా మోచేయి ఉంది. వినయం నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నేను లేనని ఇంతవరకూ ఒక్కరూ గమనించలేదు. అది మాత్రం మనసుకు కష్టంగానే ఉంది.

ఉండబట్టలేక స్టూడియోకు వెళ్లి, నా ముక్క నాకు విడిగా ప్రింటు తీసిమ్మన్నాను. ఇమాముద్దీన్ నెగటివ్‌ను వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"సార్, మీరు కెమెరా దిక్కు చూస్తలేరు. హెడ్మాస్టర్ సాబ్ కూసున్న కుర్చీ దిక్కు చూస్తున్నరు. గిట్లనే తియ్యాల్నా?"

వద్దన్నాను. ఆ కుర్చీ నాకు కావాలని పద్దెనిమిదేళ్లలో ఒక్కరితోనూ అనలేదు. కాగితం ఇంకో రెండంగుళాలు వెడల్పుంటే, ఆ మాట ఈపాటికి ఫ్రేము కట్టించుకుని బడి గోడమీద ఉండేది.