ఎక్స్‌పాన్షన్‌కు ఫుల్ రేటు

దిల్‌సుఖ్‌నగర్ నాయకుడు శైలేందర్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాడు. "జిల్లా కమిటీ విస్తరణలో శైలేందరన్నకు ఉపాధ్యక్ష పదవి ఖాయం. ఇట్లు, అభిమానులు." ఈ సంగతి అభిమానులకు ఇంకా తెలియదు, పార్టీకీ తెలియదు. ముందుచూపున్న నాయకుడంటే అట్లా ఉండాలి. ఏళ్ల తరబడి జెండా మోసినా, బామ్మర్ది పెళ్లికార్డు మీద ఉత్త 'శైలేందర్' అనే వేశారు. ఆ అవమానం ఆయనకు అన్నం సహించనివ్వడం లేదు పాపం.

ఆ పొద్దున అభిలాష్ పరేషాన్‌గా వచ్చాడు. కొత్తపేటలో గేమింగ్ సెంటర్ నడుపుతాడు. ఓ వీడియో గేమ్‌కు కంపెనీ 'ఎక్స్‌పాన్షన్' పేరుతో కొత్త భాగం తెచ్చి, దానికీ అసలు గేమ్ ధరే పెట్టిందని అతని గోడు. కోపంలో గేమ్ మాటే ఎత్తడం మరిచిపోయాడు.

"అన్నా, ఎక్స్‌పాన్షన్‌కు గూడ ఫుల్ రేటే పెట్టిండ్రు!"

శైలేందర్‌కు తెలిసిన ఎక్స్‌పాన్షన్ ఒక్కటే, కమిటీ విస్తరణ. లేచి తలుపేశాడు.

"మెల్లగ మాట్లాడు తమ్మీ. రేటు బయటికొచ్చిందా?"

"ఆన్‌లైన్ల పెట్టిండ్రన్నా."

పార్టీ పారదర్శకతకు శైలేందర్ ఒళ్లు పులకరించింది. "కొత్తోళ్లు ఎవరున్నరు?"

"నలుగురైదుగురు కొత్త మొఖాలు. తక్కినోళ్లు పాతోళ్లే. బాసు గూడ పాతోడే, జర లావయిండు."

గేమ్‌లో బాసంటే ఆఖరి విలన్. శైలేందర్‌కు మాత్రం బాసంటే జిల్లా అధ్యక్షుడు త్రినాథరావు గారే, ఆయన ఈమధ్య లావైన మాట నిజమే. ఉన్న అనుమానం కాస్తా తీరిపోయింది.

"ఎంతమందికి ఇస్తరంట?"

"పైసలు కట్టినోళ్లందరికి. లిమిట్ లేదు. నువ్వు కొట్లాడి రేటు సగం చేయించాలె అన్నా."

లిమిట్ లేదనగానే శైలేందర్‌కు తొందర పుట్టింది. ఆలస్యమైతే ముందు వరుస దక్కదు. ముద్దుగా చూసుకునే బుల్లెట్ బండి అమ్మేసి, మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగాడు.

త్రినాథరావు గారు ఇడ్లీ తింటున్నారు. విస్తరణ పదవే కదా, పాత పదవి రేటులో సగం అడుగుదామని అప్పుడే అనుకుంటున్నారు.

"సార్, ఫుల్ రేటు తెచ్చిన."

"ఫుల్లా? ఎవరు చెప్పారయ్యా?"

"ఆన్‌లైన్ల ఉన్నదంట గద సార్. కట్టినోళ్లందరికి ఇస్తరంట."

ఆయన ఇడ్లీ పక్కన పెట్టి నోట్ల కట్ట అందుకున్నారు. "అవునవును. నేనే పెట్టించాను."

ఆదివారం సరూర్‌నగర్ ఫంక్షన్ హాల్లో ప్రమాణ స్వీకారం. ఉపాధ్యక్షులందరూ వేదిక ఎక్కేసరికి పార్టీలో కింద కూర్చోవడానికి ఎవరూ మిగల్లేదు. ప్రజల తరఫున అభిలాష్ ఒక్కడే కూర్చున్నాడు. శైలేందర్ తోటి ఉపాధ్యక్షుల కాళ్లు తొక్కుకుంటూ మైకు దాకా చేరాడు.

అభిలాష్ లేచాడు. "అన్నా, గా వీడియో గేమ్ ఎక్స్‌పాన్షన్ రేటు తగ్గిస్తమన్నరా?"

"వీడియో గేమా?" అని శైలేందర్ మైకులోనే అన్నాడు. త్రినాథరావు గారు మంచినీళ్లు తాగారు.

అభిలాష్ చెప్పిన ఎక్స్‌పాన్షన్ ఏదో శైలేందర్‌కు అప్పుడు అర్థమైంది. కళ్ల ముందు బండి మెదిలింది, వెంటనే పెళ్లికార్డు కూడా. మెడలో కండువా సర్దుకున్నాడు.

"జిల్లా ఉపాధ్యక్షుని హోదాల చెప్తున్న తమ్మీ. ఎక్స్‌పాన్షన్‌కు ఫుల్ రేటు న్యాయమే!"

హాలు దద్దరిల్లేలా చప్పట్లు పడ్డాయి. కొట్టినవాళ్లంతా వేదిక మీదివాళ్లే.