నిమ్మకాయ మీద కేసు

పైడిరాజు మాస్టారి స్కూటరు సింహాచలం సైకిలును గుద్దినప్పుడు, చట్టం ప్రకారం ఆ స్కూటరు నడుపుతున్నది దాని ముందు వేలాడుతున్న నిమ్మకాయ. ఊళ్లో ఈ పద్ధతి వచ్చి నాలుగేళ్లయింది. దిష్టంతా మోసేది ఎలాగూ అదే కాబట్టి, బాధ్యత కూడా దానికే అప్పగించారు. లైసెన్సు మీద ఫొటో నిమ్మకాయదే. అప్పట్నుంచీ జనం హాయిగా ఉన్నారు.

ఆ రోజు బడికి ఆలస్యమైంది. యూటర్ను కోసం అర కిలోమీటరు పోవడం దేనికని నిమ్మకాయ రాంగ్ రూటులోకి తిరిగింది. ఫోను మోగితే మాస్టారు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతున్నారు. ఆయన ఖాళీగానే ఉన్నారు కదా మరి. ఎదురుగా సరైన దారిలో వస్తున్న సింహాచలం కాలు విరిగింది. పోలీసులు వచ్చి, దారం తెంపి, నిమ్మకాయను కవరులో పెట్టి సీలు వేసి పట్టుకుపోయారు.

మాస్టారికి అసలు భయం ఇంటికెళ్లాక పట్టుకుంది. నిమ్మకాయను ప్రతి శనివారం మార్చాలి. భార్య వరాలు చెబుతూనే ఉన్నా, ఆయన మూడు వారాలుగా మార్చలేదు. ఎండిపోయిన కాయకు బాధ్యత వహించే శక్తి ఉండదు. రసం చుక్కయినా రాకపోతే నేరం బండి మీద కూర్చున్న మనిషికి బదిలీ అవుతుందని పదకొండో నిబంధన. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన మనిషి. తన పేరు పక్కన తప్పు అనే మాట చూడాల్సి వస్తుందేమోనని రెండు రోజులు అన్నం ముట్టలేదు.

విచారణ కార్యాలయంలో గుమాస్తా నూకరత్నం సీలు విప్పి, కాయను రెండు చెక్కలుగా కోసి స్టీలు గ్లాసు మీద పిండింది. ఏమీ రాలేదు. మాస్టారు గ్లాసులోకి తొంగిచూశారు. ఆమె బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఒక్క చుక్క, అదీ గోధుమరంగుది, గ్లాసులో పడింది.

"బతికే ఉందండి మాస్టారూ. తప్పు దాందే. మీరెళ్లొచ్చు."

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. బెంచీ మీద కాలికి కట్టుతో కూర్చున్న సింహాచలం కూడా సంతోషించాడు. అతని కూతురికి లెక్కలు చెప్పేది ఈయనే.

"పోన్లెండి బాబూ, మీకేటీ అవనేదు. అదే సాలు. మరి నానెల్లొచ్చా అమ్మా?"

"నువ్వాగు. నీ సైకిలుకి నిమ్మకాయేదీ?"

"సైకిలుకెందుకని కట్టనేదమ్మా. నానే తొక్కుకుంటాను."

నూకరత్నం కాగితాలు తిప్పి చూసింది. ఆ ఉదయం ఆ రోడ్డు మీద తన బండి తానే నడుపుకుంటున్న మనిషి సింహాచలం ఒక్కడే. తీర్పు రాయడానికి ఎంతోసేపు పట్టలేదు. అతను లేవలేకపోతే మాస్టారే భుజం పట్టి లేపి, తన పెన్ను ఇచ్చారు.

"ఎక్కడెట్టాల బాబూ?"

"బాధ్యుడు అని ఉంది చూడు, ఆ కిందన."

బయటికొచ్చి మాస్టారు తాజా నిమ్మకాయ కొని కట్టారు. ఇల్లు ఎదురుగానే కనిపిస్తోంది, యూటర్ను మాత్రం అర కిలోమీటరు అవతల ఉంది. తేలికపడ్డ మనసుతో ఆయన ఫోను తీసి వరాలుకు శుభవార్త చెబుతుండగా, నిమ్మకాయ రాంగ్ రూటులోకి తిరిగింది.