స్టేషన్ గడియార పరాజయము

అస్తగిరిశిఖరారూఢుడైన భాస్కరుడు ఎదురింటి నీళ్లట్యాంకు వెనుకకు ఒరుగుచుండగా, ఇరుగుపొరుగు వంటిళ్లలో కుక్కర్లు సమరశంఖముల వలె ఈలలు పూరించుచుండగా, మూడవ అంతస్తులోని ఒకానొక రెండుగదుల ఇంట, సగము సర్దిన పెట్టెకును కుట్టుమిషనుకును నడుమ, ఆలుమగల మధ్య ఘోరసంగ్రామమొకటి రాజుకొనెను.

ఆతడు నీటిపంపుల మెకానిక్కు, జలయంత్రవైద్యశిఖామణి, పానాయుధపాణి. మరునాడుదయమే, యుద్ధము నడుచుచున్న దేశమునకు ఆసుపత్రి పంపులు బాగుచేయ వెళ్లవలసినవాడు. పాస్‌పోర్టు నకళ్లను వేర్వేరు చోట్ల దాచెను, మందులు మూటగట్టెను, ఒంటిచేత్తో గాయమునకు కట్టు కట్టు విద్యను దిండు మీద సాధించెను, రక్తపు గ్రూపు రాసిన బిళ్లను మెడను ధరించెను. ఇన్నిటిని జయించిన మహావీరుడు ఒక్క ప్రశ్న ముందు చతికిలబడెను.

పంపుచున్న సంస్థవారు కోరిన ప్రశ్న అది. అక్కడ ఆతనిని ఎవరైనా పట్టుకొనిపోయినచో, బతికియున్నది ఆతడేయని తేల్చుకొనుటకు, ఒక ప్రశ్నయు, ఇంటివారికి తప్ప అన్యులకు తెలియని దాని జవాబును ముందే రాసి, కవరులో పెట్టి అంటించి ఈయవలెనట.

ప్రశ్న సులువుగానే కుదిరెను: పెళ్లయిన కొత్తలో మన రైలు ఎందుకు తప్పిపోయింది? చిక్కెల్ల జవాబుతోనే.

వీరుడు తొడ చరచి, దిక్కులు పిక్కటిల్లునట్లు చాటిన సత్యమిది: "స్టేషన్ గడియారం వెనకబడి నడిచింది. నా తప్పేం లేదు."

ఆతని ప్యాంటు నడుములో చోరజేబు కుట్టుచున్న ఆ ఇల్లాలు, సూచీఖడ్గధారిణియైన దర్జీ, తలయెత్తకయే ప్రత్యస్త్రము సంధించెను. "గడియారం నిక్షేపంగా ఉంది. ప్లాట్‌ఫారం మీద పంపు కారుతోందని మీరు దాన్ని విప్పుకుని కూర్చున్నారు."

వాదము మీద వాదము, ఒట్టు మీద ఒట్టు కురిసెను. ఆనాడు స్టేషనుకు సాగనంప వచ్చిన ప్రత్యక్షసాక్షియని అత్తగారిని పిలువగా, ఆమె గుమ్మమున నిలిచి, "నేను బెంచీ మీద కునుకు తీశాను బాబూ. లేచేసరికి మీరిద్దరూ ఇలాగే ఉన్నారు," అని తప్పుకొనెను.

అల్లుడు మరల గర్జింప ముందుకు వంగగా, మెడలోని బిళ్ల ఊగి ఇల్లాలి కంటబడెను. సూది ఆగిపోయెను. ఆమె కొంత తడవు దానినే చూచి, కాగితము చేతికి తీసుకొనెను.

"గడియారమనే రాస్తాను," అన్నది.

"అయితే ఒప్పుకున్నట్టేనా?"

"లేదు. పంపు దగ్గర కూర్చున్నారంటే, మిమ్మల్ని ఒక్క పూట చూసినవాడైనా ఊహించి చెప్పేస్తాడు. ఆ గడియారం మీద నింద వేసే మనిషి భూమ్మీద మీరొక్కరే. ఆ మాట వినబడితే చాలు, మీరున్నారని నాకు తెలిసిపోతుంది."

ఆమె రాసి, మడచి, కవరు అంటించెను.

సకలజనులారా, ఆలకింపుడు! శత్రుదుర్గమొక్కటి కూలకుండ, నెత్తురుచుక్క యొక్కటి చిందకుండ, పెళ్లినాటి నుండి ఏ వాదములోను గెలిచి యెరుగని ఆ జలయంత్రవైద్యశిఖామణి, తన మాటను భార్య స్వహస్తముతో లిఖింపజేసెను. నేరము గడియారముదే. ప్రతివాది పక్షమున పలుకువారెవ్వరును లేనందున, తీర్పు ఖాయము!