గద్దలబండ మీద ఒక ఖాళీ

గద్దలబండ మీద చివరి సీతాకోకచిలుక చనిపోయిన పదకొండో రోజున, ఆ ఖాళీలో మేకల కాపరి ఓబులేసును నియమిస్తూ కొండల సంరక్షణ కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది.

గద్దలబండ ఎండు కొండ. ఏడాదికి పది వానలు పడితే గొప్ప. నల్లరాళ్ళ సందుల్లో ఒక చేదుమొక్క తప్ప అక్కడ పచ్చనిదేదీ మొలవదు. ఇటుకరంగు రెక్కల ఆ సీతాకోకచిలుక ఆ ఆకు తప్ప మరొకటి ముట్టదు, ఆ కొండ మీద తప్ప మరెక్కడా కనిపించదు. అది ఉన్నంతకాలమే కొండకు రక్షణ. లేకపోతే కంకర క్వారీకి ఇచ్చెయ్యాలి. అందువల్ల ఖాళీని నెలలోగా భర్తీ చెయ్యాలని నిబంధన.

ఓబులేసుకు నలభై నాలుగేళ్ళు. తాతల కాలం నుంచి వాళ్ళ గుడిసె కొండ మీదే ఉండేది. రక్షణ వచ్చాక ఖాళీ చేయించారు. ఆ తర్వాత మేకలతో పైకెక్కి రెండుసార్లు పట్టుబడ్డాడు. మనిషిగా అతనికి కొండెక్కే హక్కు లేదు. పురుగుగా ఉంది.

విధులు చదివి వినిపించడానికి అధికారి సుధీంద్ర ఓబులేసు ఇంటికి వచ్చాడు.

"ఆకు తిని పెరగాలి. తర్వాత రాతి సందులో గూడు కట్టుకోవాలి. మంచి వాన పడేదాకా బయటికి రాకూడదు. వచ్చాక తొమ్మిది రోజులు ఎగరాలి. అంతే."

"వాన రాకపోతే సార్?" అన్నాడు ఓబులేసు.

"వచ్చేదాకా లోపలే. పాతవి ఆరేడేళ్ళు ఉన్న సందర్భాలున్నాయి. ఒక్కటీ ఫిర్యాదు చెయ్యలేదు."

అతని భార్య మారెక్క గడప దగ్గర నిలబడి ఉంది. "ఆయప్ప లోపలుంటే మేమెట్ల బతకల్ల సార్?"

"కొండ బతుకుతుందమ్మా." సుధీంద్ర దయగలవాడే. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాడు.

ఓబులేసు మాత్రం కొండవైపే చూస్తున్నాడు. "కాలు పెట్టి ఐదేండ్లాయ మే. ఎట్లోగట్ల ఎక్కుతా కదా," అన్నాడు.

మొదటి నెల ఆ ఆకు కడుపులో ఇమడలేదు. రెండో నెలకు ఇమిడింది, మాట పోయింది. నాలుగుసార్లు చర్మం విడిచాడు. ప్రతిసారీ మారెక్క దాన్ని మడతపెట్టి కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంది. మూడో చర్మం మీద, చిన్నప్పుడు మేకపోతు పొడిచిన మచ్చ ఉంది. నాలుగో దాని మీద లేదు. ఆ వారమే అతను రాతి సందులోకి పోయి గూడు కట్టుకున్నాడు.

మూడేళ్ళు మంచి వాన పడలేదు. పురుగులకు బియ్యం ఇవ్వరు కనుక రేషన్ కార్డులో అతని పేరు కొట్టేశారు. మారెక్క వితంతు పింఛనుకు పెట్టుకుంటే, భర్త సజీవంగా ఉన్నాడని ధ్రువీకరించి దరఖాస్తు వెనక్కి పంపారు. ఏడాదికోసారి ఇరవై నిమిషాలు గూడును చూసే అనుమతి మాత్రం దొరికింది. ఆమె రాతికి నోరానించి ఇంటి సంగతులు చెప్పేది.

"మ్యాకలన్నీ అమ్మేస్తిమి. వన్నూరమ్మ పది పాసాయ. నీ బిడ్డే, మర్చిపోతివేమో."

లోపల ఏదో ఒకసారి కదిలింది. ఆవాసానికి భంగం కలుగుతోందని కాపలా ఉద్యోగి ఆమెను లేపేశాడు.

నాలుగో ఏడు ఉత్తర కార్తెలో వాన పడింది. ఓబులేసు అరచేయంత రెక్కలతో బయటికొచ్చి, వాటిని ఎండలో ఆరబెట్టుకుని, శిఖరం మీది రాతిపై కూర్చున్నాడు. ఆ జాతిలో మగవి అక్కడే ఆడదాని కోసం కాపు కాస్తాయి. ఆడ ఖాళీ ఇంకా మంజూరు కాలేదు. అయినా కాపు కాశాడు.

ఆరో రోజు మారెక్క కంచె అవతల నిలబడి అరిచింది. "ఏమయ్యో! ఈడుండా! కిందికి రా!"

అతను లేచి కంచె దాకా వచ్చాడు. ఆమె తలకు జానెడు ఎత్తున కాసేపు గాలిలో ఆగాడు. ఆమె చెయ్యి చాపేలోపే మళ్ళీ శిఖరానికి ఎగిరిపోయాడు. పనివేళలు పొద్దు కుంకేదాకా.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చనిపోయాడు.

"శవమిస్తే పూడ్చుకుంటాం సార్," అని మారెక్క కార్యాలయానికి పోయింది.

"అది శవం కాదమ్మా, నమూనా," అన్నాడు సుధీంద్ర. అప్పటికే దాన్ని పట్నంలో మ్యూజియానికి పంపేశారు. ఖాళీకి పదకొండు దరఖాస్తులు వచ్చాయి. తినడానికి ఆకైనా గ్యారంటీ కదా అని ఏడుగురు ఆమె వీధివాళ్ళే పెట్టుకున్నారు.

తర్వాతి నెలలో తల్లీకూతుళ్ళు పట్నం పోయారు. అద్దం వెనక ఓబులేసు రెక్కలు చాపి ఉన్నాడు. నడుమ గుండుసూది దిగి ఉంది. మారెక్క చాలాసేపు చూసింది. కింద చీటీ కనిపిస్తే చదవమంది.

వన్నూరమ్మ చదివింది. "అరుదైన ఎడారి కొండ సీతాకోకచిలుక. మగది. ఆవాసం, మనుషులు ఎన్నడూ నివసించని కొండలు."

"ఎన్నడూ అనుందా?"

"ఎన్నడూ అనే ఉంది మా."

"ఇంగ్లీషులో?"

"ఇంగ్లీషులోనూ అట్లే ఉంది."

మారెక్క తల ఊపింది. "రెండిట్లో రాసినాంక మనం లేనట్లేలే," అని కొంగు సర్దుకుంది. బస్సు వేళ అవుతోందని ఇద్దరూ బయటికి నడిచారు.