బరువు తగ్గిన బండి

ఆ సోమవారం ఉదయం మునిశేఖర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే తన చిన్న గూడ్స్ బండి తీసి, తిరుపతి అవతల ఉన్న టెస్టింగ్ సెంటరుకు పోయి, ఎఫ్.సి. చేయించుకుని, ఎండ ముదరక ముందే తిరుచానూరులోని ఇంటికొచ్చి టిఫిను తినాలి. ఎఫ్.సి. అంటే బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే కాగితం. దాని గడువు తీరి వారమైంది. ఆ వారమంతా బండి వీధిలోను, మునిశేఖర్ వరండాలోను ఖాళీగా ఉన్నారు.

పూల మండీ హరినాథ్ ముందురోజే తేల్చి చెప్పాడు. "శేఖరా, అమ్మవారి బ్రహ్మోత్సవాలకు పూల ట్రిప్పులన్నీ నీకే ఇస్తా. రేపు దీపాలు పెట్టే లోపల ఎఫ్.సి. సూపించు. లేదంటే ఇంగొకరికి ఇచ్చేస్తా. నా పూలు దావలో ఆగిపోతే కుదరదబ్బా." ఏడాదంతా అరకొర బాడుగలతో నెట్టుకొచ్చే మునిశేఖర్‌కు బ్రహ్మోత్సవాలే పంట. అవి పోతే బండిని అమ్ముకోవడమే మిగిలేది.

పథకంలో లోపమల్లా, దాన్ని అతను భార్య లోకేశ్వరికి చెప్పడమే. ఆమె తన అన్న యోగానందకు చెప్పింది. పాల ప్యాకెట్ల కంటే ముందే యోగానంద ఇంటికొచ్చాడు. ఆయన తిరుపతిలో ఒక లాడ్జికి మేనేజరు. ఏసీ, నాన్ ఏసీ, డీలక్స్ అంటూ జీవితమంతా రేట్లు అప్పజెప్పిన మనిషి కావడంతో, లోకంలో ఏ రేట్ల పట్టిక చూసినా తనకు పూర్తిగా అర్థమైందనే అనుకుంటాడు.

"సూడు శేఖరా, ఫీజులో తరగతులుండాయి. మూడు చక్రాలవి, తేలిక బండ్లు, మధ్యరకం, భారీ బండ్లు. బరువు పెరిగేకొద్దీ ఫీజు పెరగతాది. మా లాడ్జిలో ఏసీ ఆపేసి, అదే రూమును నాన్ ఏసీ రేటుకు ఇస్తాం గదా, ఇదీ అట్లనే. బరువు దించేస్తే బండి ఒక మెట్టు కిందికి దిగతాది."

"బండి పాతది బావా. వయసును బట్టి గూడా ఫీజు ఎక్కువంట."

మంచం మీద కూర్చున్న మునిశేఖర్ తండ్రి మునెయ్య ఈ మాటకు భగ్గుమన్నాడు. "నాకు వయసైందని బస్సులో టికెట్టు తగ్గిస్తారు, దానికి వయసైందని ఫీజు పెంచుతారా? ఇదేం న్యాయంరా?"

"వయసు మన చేతిలో లేదు మామా. బరువు మన చేతిలోదే," అంటూ యోగానంద స్పానరు అందుకున్నాడు.

మునిశేఖర్‌కు బండి గురించి యోగానంద కంటే బాగా తెలుసు. కానీ ఫీజు తగ్గుతుందన్న మాట చెవిన పడ్డాక తెలివి పక్కకు తప్పుకోవడం మనిషన్నవాడికి సహజం. ఇద్దరూ కలిసి స్టెప్నీ దించారు. జాకీ, పనిముట్ల పెట్టె, టార్పాలిన్ పట్ట దించారు. వెనక తలుపు ఊడదీశారు. ఇంకా తృప్తి కలగక, డ్రైవరు పక్క సీటు కూడా పీకి వరండాలో పెట్టారు. మునెయ్య వెంటనే మంచం వదిలి ఆ సీట్లో కూర్చున్నాడు.

వాళ్లు వెనక నుంచి దించుతుంటే లోకేశ్వరి ముందు నుంచి ఎక్కించసాగింది. టెస్టు టైము సరిగ్గా రాహుకాలంలో పడింది మరి. అందుకని అద్దం మీదుగా బారెడు బంతిపూల దండ, బంపరుకు మామిడాకులు, నిమ్మకాయలు కట్టి, రెండు హెడ్‌లైట్లకూ పసుపు మెత్తి, మధ్యలో రూపాయంత కుంకుమ బొట్లు పెట్టింది. ఆ పైన, "ఇంత పెద్ద పరీక్షకు బండిని ఒంటరిగా పంపుతామా?" అని బండి వెనక చాప పరిచి తనూ ఎక్కింది, మామగారినీ ఎక్కించింది.

"బరువయ్యా, బరువు!" అని మొత్తుకున్నాడు యోగానంద.

"నన్ను బరువంటావా అన్నా?" అంది లోకేశ్వరి. యోగానంద బరువు మాట వదిలేసి, దించిన సామాన్లకు కాపలాగా ఇంటి దగ్గరే ఉండిపోయాడు.

టెస్టింగ్ సెంటరు గేటు దగ్గర వాచ్‌మన్ బండిని చూశాడు. ముందు పూలదండ, వెనక చాప మీద కూర్చున్న ఆడమనిషి, పెద్దాయన. ఇది కచ్చితంగా పెళ్లి బండి అనుకుని ప్యాసింజరు బండ్ల లైనులోకి తోలాడు. ముందొక బస్సు, వెనకొక బస్సు. రెండు పక్కలా ఇనుప కమ్మీలు. దిగి చెప్పుకుందామంటే వెనక బస్సు హారన్ మోగిస్తుంది. బస్సులతో పాటే అంగుళం అంగుళం జరుగుతూ, ఎండ నడినెత్తికి వచ్చేసరికి వాళ్లు ఇన్‌స్పెక్టర్ జయరామ్ ముందుకు వచ్చారు.

"ఎంతమంది సీటింగు?" అన్నాడాయన తలెత్తకుండానే.

"ఇద్దరం సామీ, చాప మింద. మావాడు ముందర," అన్నాడు మునెయ్య గర్వంగా.

జయరామ్ తలెత్తాడు. లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏమప్పా, ఇది గూడ్స్ బండి గదా. గూడ్స్ బండిలో జనాన్ని ఎక్కించుకోని నేరుగా నా కండ్ల ముందరికే తెస్తివే! స్టెప్నీ యాడ? వెనక తలుపు యాడ? ఆ తలుపుకుండే ఎర్ర స్టిక్కర్లు యాడ? ఆ సీటేమైంది?"

"ఇంట్లో ఉండాయి సార్. బరువు తగ్గిస్తే ఫీజు తరగతి మారతాదని..."

జయరామ్‌కు కోపం కంటే ముందు నవ్వు వచ్చింది. "బండి తరగతి దాని రిజిస్ట్రేషన్‌లో ఉంటాది నాయనా, పుట్టినప్పుడే రాసేసినారు. నువ్వు ఈ పొద్దు ఉపవాసం ఉంటే నీ వయసు తగ్గిపోతాదా?" ఆయన లైట్ల పరీక్ష పెట్టించాడు. మిషనుకు పసుపు తప్ప ఏమీ కనబడలేదు. "నాలుగు లోపల అన్నీ బిగించుకోని, లైట్లు తుడుసుకోని గూడ్స్ లైనులో రా. లేదంటే మళ్లీ ఫీజు, మళ్లీ డేటు."

మునిశేఖర్‌కు హరినాథ్ పెట్టిన గడువు గుర్తొచ్చింది. పోయిన ట్రిప్పులు, అమ్ముడుపోయిన బండి, అన్నీ ఒకేసారి కళ్లముందు కనబడ్డాయి. ఏడుపొక్కటే తక్కువ. ఫోను తీసి, "బావా, దించినవన్నీ బిరీన తీసుకోని రా," అని మాత్రం అన్నాడు.

యోగానంద నిజంగానే ఆలస్యం చేయలేదు. ఎదురింటి చిన్నబ్బ నడిపే ప్యాసింజరు ఆటోను పిలిచి, లోపల స్టెప్నీ, సీటు, పెట్టె కుక్కి, పైన తలుపు కట్టి, పట్టను ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. వాచ్‌మన్ ఆ ఆటోను చూశాడు. నిండా సామాను. ఇది కచ్చితంగా గూడ్స్ అనుకుని గూడ్స్ లైనులోకి తోలాడు.

ఆ లైనులో ఆటోకూ, అప్పటికే అక్కడికి మారిన మునిశేఖర్ బండికీ మధ్య నాలుగు లారీలు నిలిచాయి. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు. "నేను టెస్టుకు రాలేదు సామీ, నన్ను వదిలేయండి!" అని చిన్నబ్బ కేకలు పెడుతున్నాడు. అంత గట్టిగా కేకలు పెట్టేసరికి జయరామ్‌కు అనుమానం వచ్చి ఆటో కాగితాలు అడిగాడు. దాని ఎఫ్.సి. కూడా తీరిపోయి చాలాకాలమైంది.

ఇక లారీ డ్రైవర్లే దిగారు. శ్రీకాళహస్తి నుంచి వచ్చినవాడొకడు, చిత్తూరువాడొకడు. తలుపు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందింది. సీటు నెత్తిమీద నడిచొచ్చింది. ఎవరో స్టెప్నీ దొర్లించారు, ఎవరో నట్లు బిగించారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు తన బండి కింద దూరి చెమటలు కక్కుతుంటే మునిశేఖర్‌కు దండాలు పెట్టడానికి రెండు చేతులూ చాలలేదు.

లైట్ల పని లోకేశ్వరిదే. రాహుకాలం ఎప్పుడో దాటిపోయింది కనుక ఆమెకు అభ్యంతరం లేదు. కొంగు తడిపి తుడుస్తుంటే, పొద్దుటి పసుపు కింద పోయిన ఆయుధపూజ పసుపు, దాని కింద అంతకు ముందుదీ పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. బల్బు మబ్బుగా వెలుగుతోందని మునిశేఖర్ రెండుసార్లు మార్పించిన ఎడమ లైటు, ఇప్పుడు జయరామ్ మొహం మీద భగ్గున వెలిగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని, "సాలు సాలు, పాస్!" అన్నాడు.

పొద్దున్నుంచి ఈ లైనులో గెంటించుకుని, ఆ లైనులో తిట్లు తిన్న బండి పాసయ్యేసరికి సెంటరంతా ఈలలు వేసింది. చిన్నబ్బ మాత్రం నేరుగా లోకేశ్వరి దగ్గరకొచ్చి చేతులు జోడించాడు. "వదినా, నా ఆటోకూ ఒక నిమ్మకాయ కట్టు." ఆమె కట్టింది. మూడు చక్రాల ఫీజు కట్టిన చిన్నబ్బ ఆటో కూడా పాసైంది. దాంతో బండి పాసవడానికి బిగించిన తలుపూ సీటూ కూడా కారణమని ఎవరూ ఆలోచించలేదు. అంతా నిమ్మకాయ మహిమేనని డ్రైవర్లంతా ఆమె చుట్టూ మూగారు.

"పొరలు తుడిసినందుకు పాసయింది గానీ, కట్టినందుకు కాదబ్బా!" అని యోగానంద ఒక్కొక్కరికీ నచ్చజెప్పబోయాడు. జీవితంలో మొదటిసారి ఆయన సరిగ్గా చెప్పాడు. ఎవరూ వినలేదు.

దీపాల వేళకు మునిశేఖర్ పరుగున మండీకి పోయి కాగితం అందించాడు. హరినాథ్ దాని వంక ఒక్కసారి చూసి తిరిగి అతని జేబులోకే తోసేశాడు. "ఇదుండనీ శేఖరా. మీ ఇంటామె ఫోన్ చేసింది. టెస్టింగ్ సెంటరు కాడ బండ్లకు కట్టేదానికి రోజూ ఆరు బుట్టల దండలు కావాలంట. అమ్మవారి ట్రిప్పులు ఎట్లా నీవే. ఉత్సవాలైనాక గూడా ఏడాదంతా ఈ ట్రిప్పు నీదే. తెల్లారేసరికి బండి పెట్టు." బండి అమ్ముకోవలసిన మనిషి ఆ రాత్రి రెండో డ్రైవరు కోసం ఆలోచించాడు.

మరుసటి సోమవారం జయరామ్ గేటు దగ్గర ఒక బోర్డు పెట్టించాడు: హెడ్‌లైట్లకు పసుపు కుంకుమలు పెట్టరాదు.

మధ్యాహ్నానికి ఆ బోర్డుకు ఎవరో దండ వేసి, నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో బొట్టు పెట్టారు.